జీడిపిక్క పండు బయట ఎందుకు వేలాడుతుంది? తొక్కతో ఎందుకు అమ్మరు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

మామిడికి టెంక లోపల. సీతాఫలానికి గింజ లోపల. పనసకి పిక్క తొన లోపల. జీడిమామిడికి వచ్చేసరికి పిక్క బయటికొచ్చి గాల్లో వేలాడుతుంది. ఎందుకలా?

దాని వెనకే ఇంకో ప్రశ్న. వేరుశనగ తొక్కతో దొరుకుతుంది, పిస్తా తొక్కతో దొరుకుతుంది. పలాసలో ఏ కొట్టుకెళ్లినా జీడిపప్పు మాత్రం ఒలిచే ఉంటుంది. తొక్కతోనే తక్కువ ధరకి ఇచ్చేస్తే సాయంత్రం అరుగు మీద కూర్చుని మనమే ఒలుచుకోమా? పైగా ప్యాకెట్ మీద ‘పచ్చి జీడిపప్పు’ అని రాస్తారు. అది నిజంగా పచ్చిదేనా?

సరదా జవాబులూ చెప్పండి, సరైన జవాబులూ చెప్పండి. ఏది ఏదో తెలిసేలా చెప్తే చాలు.

కాశీబుగ్గ జంక్షన్:

సరదా జవాబు: ఈ చెట్టుకి కొడుకు ముందు పుట్టి ఎదిగిపోతాడు, ఆ తర్వాతే తండ్రికి ఒళ్లొస్తుంది. అంత కొడుకు ఇంక తండ్రి ఒళ్లో ఎక్కడ ఇముడుతాడు, బయటే ఉండిపోయాడు.

సరైన జవాబు కూడా ఇంచుమించు అదే. మనం పండు అనేది అసలు పండు కాదు, ఉబ్బిన కాడ. మనం గింజ అనుకునే పిక్కే అసలు కాయ. గింజ ఆ కాయ లోపలే ఉంది. దాన్నే మనం పప్పు అంటున్నాం. కాబట్టి జీడిమామిడి కూడా అన్ని చెట్ల దారిలోనే నడిచింది. పేర్లే మనం తారుమారు చేసి పెట్టుకున్నాం.

నమ్మకం కుదరకపోతే ఫాల్గుణ మాసంలో ఏ తోటలోకైనా వెళ్లి ఒక గుత్తి వంచి చూడండి. అగ్గిపుల్లంత కాడ, దాని కొసన నున్నటి పచ్చి పిక్క. పండు జాడే ఉండదు. పిక్క పూర్తి సైజుకి ముందే చేరిపోతుంది. తర్వాత కొంచెం కుంచించుకుని, గట్టిపడి, బూడిదరంగుకి తిరుగుతుంది. అప్పుడు, ఆఖరి రెండు మూడు వారాల్లో, ఆ కాడలోకి రసం దిగి పసుపుగానో ఎర్రగానో ఉబ్బుతుంది. పిందె పట్టిన దగ్గర్నుంచి రాలేదాకా సుమారు రెండు నెలలు. అందుకే తోటల్లో పిక్క కోయరు, రాలాక ఏరుతారు. పండు ఉబ్బకముందే తెంపేస్తే లోపల పప్పు నిండదు, ఎండబెట్టాక ముడతలు పడి తేలిపోతుంది.

కాడ ఎందుకు ఉబ్బాలి అంటారా? అది కూలి. గబ్బిలం పండుని నోట కరుచుకుని ఇంకో చెట్టుకి ఎగిరిపోయి, అక్కడ రసం పీల్చి, పిక్కని కింద పడేస్తుంది. పిక్క జోలికి వెళ్లదు. ఎందుకు వెళ్లదో తెలిస్తే మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా దొరికినట్టే, అది తెలిసినవాళ్లు రాస్తారు.

ఒక్క జీడిమామిడికే ఈ తీరు కాదు, నల్లజీడి కాయని చూడండి. నారింజరంగు కండ మీద నల్లటి కాయ కూర్చుని ఉంటుంది. అచ్చం ఇదే ఏర్పాటు.

బొబ్బిలి కోటగుమ్మం:

నల్లజీడి మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. జీడిమామిడి మన చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. కొత్తగా దిగిన చెట్టుకి మనవాళ్లు పెట్టిన పేరు గమనించండి: జీడి, మామిడి. పిక్క చూసి, ముట్టుకుని, ఇది మన నల్లజీడి లాంటిదే అనుకున్నారు. ఆకు, పూత చూసి మామిడి అన్నారు. వృక్షశాస్త్రం ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో పెట్టింది, అనకార్డియేసీ అని. పిస్తా కూడా ఆ ఇంటిదే. ఈ ఇంట్లో చాలావాటి గుణం ఏమిటంటే చర్మాన్ని కాల్చే రసం. మామిడికాయ ముచ్చిక దగ్గర కారే సొన పెదవికి తగిలితే పుండు పడుతుంది కదా, అది ఈ కుటుంబం చేసే పనే. నల్లజీడి రసంతో చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టేవారు, ఎన్ని ఉతుకులకీ పోదు.

పిక్కల లెక్క (పలాస):

తొక్కతో ఎందుకు అమ్మరో చెప్తాను. వేరుశనగ తొక్క ఖాళీ డొల్ల. జీడి తొక్క అలా కాదు. పైన తోలులాంటి పొర, లోపల గట్టి పెంకు, ఆ రెండింటి మధ్య తేనెపట్టులా గదులు, గదుల నిండా చిక్కటి ఎర్రగోధుమరంగు జీడినూనె. అందులో ఉండే అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాలుస్తాయి. పళ్లతో కొరికితే పెదవులు, నాలుక బొబ్బలెక్కుతాయి. చేతికి తగిలితే వెంటనే ఏమీ కాలేదనిపించి, ఒకటి రెండు రోజులకి దురద, పొక్కులు, ఆ తర్వాత నల్లగా కమిలిన చర్మం ఊడటం. ఇలాంటి సరుకుని పిల్లలున్న ఇంటికి ప్యాకెట్లో కట్టి ఎవరిస్తారు? ఇవ్వకూడదు కూడా.

అందుకే పిక్కకి ఇన్ని మెట్లు. ముందు రెండు మూడు రోజులు ఎండలో పెడతారు. గోరు గుచ్చితే దిగకూడదు, గుప్పిట్లో కదిపితే గలగలమనాలి. నెమ్ముతో బస్తా కడితే పప్పు లోపలే రంగు మారి బూజు పడుతుంది. ఫ్యాక్టరీలో పిక్కల్ని ఆవిరి మీద ఇరవై నిమిషాల అటూ ఇటూ ఉడికిస్తారు, లేదా డ్రమ్ములో కాలుస్తారు. ఉడికినవాటిని వెంటనే కొట్టరు, పరిచి ఒక రాత్రయినా ఆరనిస్తారు. వేడిమీద తొక్క మెత్తగా సాగుతుంది, ఆరితేనే పెళుసెక్కి చీలుతుంది.

తర్వాత కటింగ్. పిక్క వంపుకి సరిపడా వంచిన రెండు బ్లేళ్లు, కింద కాలితో తొక్కే పెడలు, పక్కన చేత్తో లాగే పిడి. పిక్కని బ్లేళ్ల మధ్య పెట్టి పెడల్ తొక్కితే అంచులు తొక్కలోకి దిగుతాయి, పిడి లాగితే తొక్క రెండుగా విచ్చుకుంటుంది. బ్లేడు తొక్క మందం వరకే దిగి ఆగాలి. ఇంకొంచెం దిగిందంటే గుండు కాస్తా బద్దయిపోతుంది, ధర పడిపోతుంది. అందుకే కటింగ్‌కి ముందే పిక్కల్ని సైజులవారీగా జల్లిస్తారు. పెద్ద పిక్కకి బిగించిన బ్లేళ్లలో చిన్న పిక్క పెడితే తొక్కే తెగదు, చిన్నదానికి బిగించినవాటిలో పెద్దది పెడితే పప్పు తెగుతుంది. అక్కడ కూర్చున్న ఆడవాళ్ల వేళ్లకి ఎప్పుడూ నూనో బూడిదో రాసి ఉంటుంది. చేతొడుగులు ఇవ్వాలి, ఇచ్చినా వేలికొసకి పప్పు తెలియదని చాలామంది తీసేస్తారు. మనం తినే ప్రతి గుండు వెనకా ఆ వేళ్లున్నాయి. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు, ధర ఎందుకంత అని అడిగేవాళ్లు తెలుసుకోవాలి.

కటింగ్ అయ్యాక పప్పు మీద ఎర్రటి పొర ఉంటుంది. దాన్ని వదిలించడానికి బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ట్రేలమీద పరిచి 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఉంచుతారు. నెమ్ము 3, 4 శాతానికి దిగి పొర ఎండి చిట్లుతుంది. కానీ అప్పుడు పప్పు కూడా అప్పడంలా పెళుసుగా ఉంటుంది, ఆ స్థితిలో గీస్తే విరుగుతుంది. అందుకే కాసేపు గాలి తేమ పట్టించి, ఆ తర్వాత పొర తీస్తారు. అప్పుడు గ్రేడింగు, డబ్బా.

కాబట్టి మీ ‘పచ్చి జీడిపప్పు’ పచ్చిది కాదు. ఒకసారి ఆవిరి, ఒకసారి బోర్మా చూసి వచ్చింది. వేయించలేదు, ఉప్పు కారం వేయలేదు అని చెప్పడానికే ఆ మాట.

లెక్క కూడా చూసుకోండి. మన దగ్గర పిక్కల బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. మంచి పిక్కైతే బస్తాకి 20 నుంచి 22 కిలోల పప్పు. అంటే కిలో పప్పుకి దాదాపు నాలుగు కిలోల పిక్క. తొక్కతో కొంటే సగం ధర కాదు, పావు ధరకి ఇచ్చినా మీకు మిగిలేది ఏమీ లేదు, పొక్కులు తప్ప.

తొక్క కూడా వృథా పోదు. పిండితే వచ్చే నూనె బండ్ల బ్రేకు లైనింగుల్లోకి, రంగుల్లోకి, రెజిన్లలోకి పోతుంది. పిండగా మిగిలిన పిప్పి బాయిలర్లో మండుతుంది.

నాగావళి గట్టు:

బస్సు బ్రేకులో జీడి ఉందంటే ఇంక పిస్తాతో పోల్చను. కానీ ఏటండీ, ఉద్దానం ఇళ్లలో మార్చి, ఏప్రిల్ నెలల్లో పచ్చి పిక్కలు కొట్టి కూర వండుతారు కదా? వాళ్ల చేతులు కాలవా?

మందస మెట్ట:

కాలకుండా చేసే పద్ధతి ఉంది. కూరకి ముదరని పిక్క కావాలి, పచ్చగా, గోరు దిగేలా ఉన్నది. చేతులకి మోచేతి దాకా కొబ్బరినూనె దట్టంగా పట్టించి, మీద జల్లించిన బూడిద అద్దుకోండి. కత్తిపీట ముందు పాత గోనె పరుచుకోండి. పిక్కని నిలువునా, వంపు వెంబడి రెండు చెక్కలుగా కోయండి, అడ్డంగా వద్దు. అడ్డంగా కోస్తే నూనె గదులు ఎక్కువ తెగుతాయి, పప్పు కూడా ముక్కలవుతుంది. సన్నటి పుల్లతో పప్పుని తోడి, వేలితో కాకుండా పుల్లతోనే నీళ్ల గిన్నెలో వేయండి. అన్నీ అయ్యాక ఆ నీళ్లు పారబోసి, మరిగిన నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెడితే మీద పొర చేతికి జారి వచ్చేస్తుంది. ఇంకో రెండు నీళ్లు కడిగి వండుకోవచ్చు.

ఆ చేతులతో కన్ను నలపొద్దు, ముఖం చెమట తుడవొద్దు, దొడ్డికి వెళ్లేముందు తప్పకుండా కడగండి. ఈ మూడోది మరిచిపోయినవాళ్లు ఆసుపత్రిదాకా వెళ్తారు.

తోటపల్లి కాలవ:

జీడి తగిలితే వెంటనే నీళ్లతో బాగా కడిగేస్తే చాలు కదా?

మందస మెట్ట:

చాలదు. జీడి నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్లతో రుద్దితే ఇంకా నాలుగు వైపులా పాముకుంటుంది. ముందు వంటనూనె రాసి, పాతగుడ్డతో తుడిచి, మళ్లీ రాసి తుడిచి, అప్పుడు సబ్బుతో కడగండి. గుడ్డ ఉతికి దాచకండి, పారేయండి. కంట్లో పడితే మాత్రం నూనె వద్దు, ధారగా నీళ్లు పోస్తూ డాక్టరు దగ్గరికే.

ముదురు పిక్కలు ఇంట్లో కాల్చుకోవాలనుకునేవాళ్లకి కూడా ఒక మాట. వంటింట్లో పొరపాటున కూడా వద్దు. తొక్కలో నూనె అంటుకుని భగ్గుమంటుంది, ఆ పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది. ఆరుబయట, గాలికి ఎదురు పడకుండా నిలబడి, అడుగున చిల్లులున్న పాత రేకు మీద పొడవాటి కర్రతో కలుపుతూ కాల్చాలి. మంట అంటుకుని తొక్క నల్లబడి బుసబుసమని నూనె కక్కడం తగ్గగానే నేలమీదికి దొర్లించి ఇసుకో బూడిదో పోయండి. మంట ఆరుతుంది, మీదున్న నూనెని కూడా పీల్చుకుంటుంది. చల్లారాకే రాయితో కొట్టాలి, కొట్టేది వంపు అంచు మీద. ఆ రేకు మళ్లీ వంటకి పనికిరాదు.

పిక్కల లెక్క (పలాస):

ప్యాకెట్ మీద డబ్ల్యూ 320, డబ్ల్యూ 240 అంటే ఏమిటని ఎలాగూ ఎవరో అడుగుతారు, ముందే రాస్తున్నా. అది నాణ్యత మార్కు కాదు, లెక్క. ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్తుంది. 320 అంటే 300 నుంచి 320 గుండ్లు. 240 అంటే 220 నుంచి 240. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నది. ఇంట్లో తేల్చుకోవాలంటే 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి: 320కి 66 నుంచి 70 గుండ్లు రావాలి, 240కి 48 నుంచి 53. పాయసంలోకి, ఉప్మాలోకి గుండు కొనాల్సిన పనే లేదు. రుచి ఒకటే, బద్దకి ధర తక్కువ.

కవిటి కొబ్బరాకు:

పిక్క గురించే అందరూ మాట్లాడారు, పండుని వదిలేశారు. అది తోటల్లో కుప్పలుగా కుళ్లిపోతుంటే చూడబుద్ధి కాదు. నారింజ కంటే నాలుగైదు రెట్లు సి విటమిన్ ఉన్న పండది. తినేవాళ్లు తక్కువ, ఎందుకంటే గొంతు గరగరమంటుంది. ఆ గరగర జీడినూనె కాదు, టానిన్. నేరేడులో నాలుక పిండేసేది కూడా అలాంటిదే.

టానిన్ తీయడం తేలిక. రాలిన రోజే ఏరిన, దెబ్బ తగలని పండ్లు తీసుకోండి, మర్నాటికి పులుస్తాయి. పిక్కని మెలితిప్పి తీసేయండి, పిక్క అంటిన చోట ఒక అంగుళం పండు కూడా కోసి పారేయండి. ముక్కలు తినాలంటే ఉప్పునీళ్లలో ఊరబెట్టండి, లీటరుకి 20 గ్రాముల ఉప్పు. రసం కావాలంటే పిండి వడకట్టి, లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడి చేసి కొద్ది నీళ్లలో జావ కాచి, చల్లారాక కలపండి. గాజు సీసాలోనో స్టీలు గిన్నెలోనో కదపకుండా ఉంచితే టానిన్ జావకి అంటుకుని మడ్డిలా అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసం మెల్లగా వంచుకోండి. ఇనప గిన్నె వాడొద్దు, టానిన్ ఇనుముతో కలిసి రసం నల్లసిరాలా మారుతుంది.

అదే రోజు తాగేయండి.