20 సీసీ పెట్రోల్ ఇంజన్‌కి పాత ఫైర్‌వాల్ ఆగుతుందా?

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా గ్లో ఇంజన్‌తో (మిథనాల్, నూనె కలిపిన ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్) ఎగరేస్తున్న నా మోడల్ విమానానికి (రెక్కల పొడవు 80 అంగుళాలు) ఇప్పుడు 20 సీసీ పెట్రోల్ ఇంజన్ బిగిస్తున్నాను. నాలుగు అల్యూమినియం స్టాండాఫ్‌ల (ఇంజన్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య ఎడం ఉంచే కడ్డీలు) మీద కూర్చోబెట్టాలి.

ఫైర్‌వాల్ (విమానం ముందు భాగంలో ఇంజన్ బిగించే పలక) 6 మి.మీ. ప్లైవుడ్. పాత మౌంట్ విప్పి చూస్తే కుడివైపు కింది బోల్టు రంధ్రం చుట్టూ నూనె పీల్చుకుని చెక్క నల్లబడింది. గోరుతో నొక్కితే పై పొర లేస్తోంది. అది చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పెట్రోల్ ఇంజన్ వైబ్రేషన్ ఎక్కువ కదా, గాల్లో ఇంజన్ ఊడితే కింద ఎవరికైనా తగులుతుందేమోనని భయం.

నూనె పట్టిన చోట గీకేసి, ఆల్కహాల్‌తో తుడిచి, వెనకవైపు ఇంకో 6 మి.మీ. ప్లైవుడ్ ఎపాక్సీతో అతికించి, టీ-నట్లు (చెక్క వెనకవైపు గుచ్చి బిగించే నట్లు) పెడదామనుకుంటున్నాను. సరిపోతుందా, లేక ఫైర్‌వాల్ మొత్తం మార్చడమే మంచిదా? నూనె తాగిన చెక్కకి ఎపాక్సీ పట్టు మీద నాకు నమ్మకం లేదు.

ఇంకొకటి. కుడి థ్రస్ట్ 2 డిగ్రీలు ఇవ్వాలి, అంటే ఇంజన్‌ని అంత మేర కుడివైపు తిప్పి బిగించాలి. స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని శంకు ఆకారపు టోపీ) కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) మధ్యలోకి రావాలంటే మౌంట్‌ని కొంచెం ఎడమకి జరపాలని తెలుసు. ఫైర్‌వాల్ నుంచి ప్రాప్ వాషర్ (ప్రొపెల్లర్‌కి ఆనే వాషర్) దాకా 150 మి.మీ. ఉంది, లెక్క ప్రకారం సుమారు 5 మి.మీ. వస్తోంది. అలా జరిపితే కొత్త రంధ్రాలు పాతవాటికి మరీ దగ్గరగా పడుతున్నాయి. పాత రంధ్రాలని చెక్క బిరడాలతో పూడ్చి పక్కనే డ్రిల్ చేయొచ్చా? ఇలా చేసి ఎగరేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.