అప్‌డేట్: ఫెలోషిప్ మానేయాలా అని అడిగాను కదా

సెమ్ ఎగ్జామ్స్ ముందు కూడా ప్రతి ప్రేయర్ మీటింగ్‌కీ రావాల్సిందే, రాకపోతే విశ్వాసంలో చల్లారిపోయినట్టే అని మా క్యాంపస్ ఫెలోషిప్ (క్రైస్తవ విద్యార్థుల ప్రార్థన బృందం) సీనియర్ అన్న పట్టుబడుతున్నాడు, మానేయాలా అని అడిగింది నేనే. రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మానేయలేదు. మీలో ఒకరు చెప్పినట్టు వాట్సాప్ గ్రూప్‌లో కాకుండా అన్నతోనే నేరుగా మాట్లాడా, తార్నాకలో టీ కొట్టు దగ్గర. ఫెలోషిప్ అంటే నాకు ప్రాణం అన్నా, కానీ అటెండెన్స్ చూసి నా భక్తిని కొలుస్తుంటే చాలా బాధేస్తోంది అని చెప్పేశా. కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుని, జూనియర్లు ఒక్కొక్కరే జారిపోతుంటే భయమేసి అలా గట్టిగా అన్నాను తమ్ముడూ, సారీ అన్నాడు. ఫస్టియర్‌లో నాకు జ్వరమొస్తే హాస్టల్ రూమ్‌కి ఇడ్లీ పార్సిల్ తెచ్చిచ్చింది కూడా ఈ అన్నే, అది మర్చిపోలేను.

ఇప్పుడు ఎగ్జామ్స్ అయ్యేదాకా శుక్రవారం బైబిల్ స్టడీకి మాత్రమే వెళ్తున్నా. బైబిల్‌లోని యాకోబు పత్రిక (అంటే ఉత్తరం) చదువుతున్నాం, మొత్తం 5 అధ్యాయాలే కానీ 2వ అధ్యాయంలో క్రియలు లేని విశ్వాసం మృతం అనే దగ్గరే ఆగిపోయాం, ఎందుకంటే పౌలు బైబిల్‌లోనే ఇంకో ఉత్తరమైన రోమా పత్రికలో క్రియలు లేకుండానే విశ్వాసం వల్ల నీతిమంతులం అంటాడు కదా, మరి రెండూ ఎలా కుదురుతాయి అని అందరం అడుగుతూనే ఉన్నాం. చర్చిలో ప్రసంగం మధ్యలో ఇలా అడగలేం, అందుకే నాకు ఈ స్టడీ కావాలి.

సోమవారం సప్లీ పేపర్ ఉంది, ప్రార్థనలో గుర్తుపెట్టుకోండి.