కనుమ నాడు పశువులకు మొక్కు: ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

మెట్టపొలం:
కనుమ దగ్గరపడింది. ఏడాదంతా దున్నిన ఎద్దుకి, పాలిచ్చిన గేదెకి దండం పెట్టుకునే రోజు. ఆ దండం వాటి ప్రాణం మీదికి రాకుండా ఎవరి పద్ధతి వాళ్లు రాయండి. కడగడంతో నేను మొదలుపెడతా. జనవరి చలిలో తెల్లారకముందే చెరువులో దింపొద్దు. ఎండెక్కాక, తొమ్మిది దాటాక కడిగితే మధ్యాహ్నానికి ఒళ్లు ఆరిపోతుంది. గడ్డిచుట్టతో రుద్దితే చాలు, బట్టల సబ్బుపొడి వద్దు. నెల దాటని దూడకి తడిగుడ్డ తుడుపు సరిపోతుంది. పాడి పశువుని పాలు పితికాకే కడగండి.

నెమరు:
అన్నా, కడగడం కంటే పెట్టే తిండే అసలు ప్రమాదం. పొంగలి, బెల్లం, అరటిపళ్లు ఇంటింటా తలా కాస్త పెడతారు. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులకు గడ్డి అలవాటు. మెత్తటి అన్నం ఒక్కసారిగా పడితే పులిసి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, నెమరు ఆగిపోతుంది. గుర్తులు ఆ రాత్రి గానీ మర్నాడు గానీ కనబడతాయి: మేత ముట్టదు, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పుల్లటి వాసనతో పలచగా పారుతుంది, నడక తూలుతుంది. చివరికి కూలబడిపోతుంది.

అలవాటు లేని పెద్ద పశువుకి మొత్తం మీద అరకిలో లోపు, మేకకి పిడికెడు. ముందు ఎండుగడ్డి కడుపునిండా మేపి, ఆ తర్వాతే పొంగలి. ఊరేగింపుకి తీసుకెళ్తే మూతికి చిక్కం కట్టండి. ఎవరో ఒకరు పళ్లెం చాచుతూనే ఉంటారు, వద్దంటే నొచ్చుకుంటారు.

పాడిఅక్క:
ఉబ్బితే తినేసోడా తాగించొచ్చా?

నెమరు:
మొదలులోనే పట్టుకుంటే పెద్ద పశువుకి 100 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి పట్టొచ్చు అక్కా. తల మరీ పైకెత్తినా, నాలుక లాగి పట్టుకున్నా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అది ఇంకో చావు. మూతి మెడ కంటే కొంచెం పైన ఉంటే చాలు, కొద్దికొద్దిగా పొయ్యండి. దాణా, అన్నం పూర్తిగా ఆపి ఎండుగడ్డి మాత్రమే వెయ్యండి. కూలబడిన పశువుకి ఇంట్లో ఏదీ పట్టొద్దు, వెంటనే పశువైద్య అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.

గిత్తలజోడు:
కొమ్ముల రంగు గురించి. డబ్బా ఆయిల్ పెయింట్ పుయ్యకండి. పశువులు ఒకదాన్నొకటి నాకుతాయి. ఇళ్ల రంగుల్లో సీసానికి మన దేశంలో హద్దు పెట్టింది 2017 నవంబరు నుంచే. మూలన పడున్న పాత డబ్బాలో ఎంతుందో ఎవరికి తెలుసు? జాజుని (ఎర్రమట్టిని) నీళ్లలో నూరి కాస్త తుమ్మజిగురు కలిపితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఇంకా ఎర్రగా కావాలంటే పసుపులో చిటికెడు సున్నం. సున్నం కంటిని కాలుస్తుంది కాబట్టి కొమ్ము మొదట్లో నాలుగు వేళ్ల జాగా వదిలెయ్యండి. కొమ్ము లోపల ఎముక, నెత్తురు ఉంటాయి. అందం కోసం మొదలు దగ్గర చెక్కితే నెత్తురు కారుతుంది.

మెట్టపొలం:
దండల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

చిత్తూరుకొండ:
బంతిపూలు ఫర్వాలేదు. గన్నేరు మాత్రం వద్దే వద్దు, పువ్వయినా ఆకయినా. గుప్పెడాకు తిన్నా గుండె ఆగిపోతుంది. దండ తీగతో కాకుండా అరటినారతో కట్టండి. తీగముక్క, గుండుసూది మింగితే రెండో పొట్టలో ఆగి, అక్కణ్ణుంచి గుండె వైపు గుచ్చుకుంటూ పోతుంది. బెలూన్లు, మెరుపుకాగితాలు కడుపులో అరగవు. గజ్జెలపట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, రాత్రికి విప్పెయ్యాలి.

మా వైపు ఉప్పుచెక్క పెట్టడం ఉంది. చెట్ల బెరళ్లూ ఆకులూ దంచి ఉప్పు కలిపి మింగిస్తారు. అందులో నల్లేరు ఎక్కువైతే పశువుకి నోరు, గొంతు దురదపెడతాయి. సాయంత్రం చిట్లాకుప్ప (ఎండుకంపల కుప్ప) అంటించేటప్పుడు చూలుపశువులని దూరంగా కట్టెయ్యండి, మంటకి బెదిరి తెంచుకుంటాయి.

ఆదిలాబాదుఎడ్లు:
మాకు ఎడ్ల పండుగ పొలాల అమావాస్యకు, వానకాలంలో. చలి బాధ లేదు గానీ బురద ఉంటది. కడిగినంక గిట్టల సందు పొడిగుడ్డతోటి తుడవాలె, లేకుంటే అక్కడ కుళ్లుతది. భక్ష్యాలు పెట్టినా లెక్క పైన చెప్పిందే, ఎద్దుకు ఒకటో రెండో. ఆ రోజు కాడి మెడ మీద పెట్టం. మెడ మీద కాడి పుండు ఉంటే రంగు, పసుపు, కుంకుమ ఏదీ దాని మీద పడనియ్యొద్దు. వేపనూనె రాసి వదిలెయ్యుండ్రి, ఈగ వాలదు.

పాడిఅక్క:
చిక్కం మాట నాకు తట్టలేదు. రేపు సంతలో రెండు కొంటాను.