రోషాగడ్డిలో మంచి దుబ్బులను ఎంచి నిలబెట్టడం ఎలా?

వరంగల్ దగ్గర ఎర్ర చల్క నేల, విత్తనంతో నారు పోసి నాటిన రోషాగడ్డి (సుగంధ నూనె కోసం పెంచే పామరోజా గడ్డి). పరపరాగ సంపర్కం జరిగే పంట కాబట్టి ఎత్తు, పూత, నూనె దుబ్బుదుబ్బుకూ వేరు. నిమ్మగడ్డికి ఈ తిప్పలు లేవు, పిలక నాటితే తల్లి గుణమే వస్తుంది.

అనుకున్న పద్ధతి: నిండు పూతలో మంచి దుబ్బులకు గుర్తు పెట్టి, ఒక్కోదాని నుంచి 200 గ్రాముల గడ్డిని క్లెవెంజర్ పరికరంలో (నీటితో మరిగించి నూనెను వేరుచేసి కొలిచే గాజు పరికరం) 3 గంటలు మరిగించి నూనె కొలవడం. నూనె ఎక్కువగా పూలగుత్తుల్లోనే ఉంటుంది, కాడలో చాలా తక్కువ. అందుకే గుత్తులు, ఆకులు, కాడలు విడిగా తూచి, తేమ తీసేసి లెక్కకట్టాలి. లేకపోతే కాడ ఎక్కువపడిన నమూనా వల్ల మంచి దుబ్బు కూడా తక్కువ నూనెదిగా కనిపిస్తుంది. గట్టు పక్కవి ఎంచకూడదు, వాటికి వెలుతురూ చోటూ ఎక్కువ. తర్వాత పిలకలు విడదీసి, ఒక్కో దుబ్బు సంతతిని 3 వేర్వేరు మడుల్లో నాటి, కనీసం రెండు కోతలు పోల్చాలి.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: రోషాగడ్డి పిలకలు ఏ నెలలో విడదీస్తే బాగా బతుకుతాయి? మొదటి వడపోతకు ఎన్ని దుబ్బులు చూడాలి? విత్తనం కట్టాలంటే నాసిరకం నూనెనిచ్చే సోఫియా రకం రోషాగడ్డికి ఎంత దూరం పాటించాలి? నూనె పెరిగి జెరానియాల్ (నూనెకు గులాబీ వాసననిచ్చే ముఖ్య పదార్థం) తగ్గిన దుబ్బును ఉంచాలా, తీసేయాలా? కొద్ది నమూనాలకు గ్యాస్ క్రోమటోగ్రఫీ (నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చే పరీక్ష) ఎక్కడ చేస్తారు?