అత్తరు, రూహ్, పన్నీరు: మూడింటికీ ఒకే మాట సరిపోతుందా?

ప్రశ్న: ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకు పేరున్న కన్నౌజ్ ఊరి మీద హిందీ వ్యాసం ఒకటి తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఇత్ర్, రూహ్, గులాబ్ జల్ అని వస్తున్నాయి. మూడింటినీ ‘పరిమళ ద్రవ్యం’ అని రాసేయొచ్చా?

జవాబు: దయచేసి అలా చేయకండి. కన్నౌజ్‌లో ఈ మూడూ వేర్వేరు సరుకులు. ఆ తేడా తెలియాలంటే అత్తరు తీసే బట్టీ దగ్గరికి వెళ్లాలి.

పొయ్యి మీద పెద్ద రాగి పాత్ర ఉంటుంది, దాన్ని డేగ్ అంటారు. పూలూ నీళ్లూ వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, ఆవిరి పోకుండా బిగిస్తారు. వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కా అనే ఇంకో రాగి పాత్రలోకి దిగుతుంది. ఈ భప్కా నీళ్ల తొట్టెలో మునిగి ఉంటుంది కాబట్టి ఆవిరి చల్లారి ద్రవమవుతుంది. మంట ఎంత ఉండాలో, ఎప్పుడు ఆపాలో పనివాళ్లు చేత్తో తాకి, చెవితో విని చెప్పేస్తారు. అంత అనుభవం!

భప్కాలో ముందే గంధం నూనె పోసి ఉంచితే, పూల వాసనను ఆ నూనె పట్టేస్తుంది. అదే ఇత్ర్, మన అత్తరు. గంధం నూనె బాగా ఖరీదు కావడంతో ఇప్పుడు చాలాచోట్ల పారాఫిన్ లాంటివి వాడుతున్నారు, అది వేరే బాధ. నూనె ఆధారమేమీ లేకుండా పువ్వులోంచో వేరులోంచో వచ్చిన తైలాన్ని మాత్రమే తీస్తే అది రూహ్. వట్టివేరుతో తీసే రూహ్ ఖస్ రాగి పాత్ర వల్ల పచ్చగా కూడా ఉంటుంది. గులాబ్ జల్‌కు మనకు పన్నీరు ఉండనే ఉంది. పాలతో చేసే పనీర్‌తో కలిసిపోతుందనుకుంటే గులాబీ నీరు అనండి. రూహ్‌ను మాత్రం అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరిస్తే చాలు.

ప్రశ్న: చాలా థ్యాంక్సండీ. మరి మిట్టీ ఇత్ర్? ‘తొలకరి అత్తరు’ అంటే అందంగా ఉంటుంది కదా?

జవాబు: అందంగానే ఉంది కానీ నాకు ‘మట్టి అత్తరు’ అంటేనే ఇష్టం. వానచినుకుతో దానికి పని లేదు. కాల్చిన మట్టి పెంకుల్ని డేగ్‌లో వేసి, పూలకు చేసినట్టే ఆవిరి పట్టి, గంధం నూనెలోకి దింపుతారు. తొలకరి వాసన వస్తుందన్న సంగతి పక్కన వివరణలో రాయండి, పేరులో మట్టిని ఉండనివ్వండి.