‘ఉత్కంఠ’లో దాగిన మెడ: సస్పెన్స్ సన్నివేశంలో కెమెరా చేసే పని

ప్రశ్న: సస్పెన్స్ సినిమాల్లో కెమెరా పనితనం మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ‘టెన్షన్’ అనే మాటకు ఉత్కంఠ, ఉద్రిక్తత, ఆందోళన అనే మూడూ వాడుకలో కనిపిస్తున్నాయి. ఏది సబబో పెద్దలు చెప్పగలరు.

జవాబు: నేనైతే ‘ఉత్కంఠ’నే ఎంచుకుంటాను. ‘ఉత్’ అంటే పైకి, ‘కంఠం’ అంటే మెడ. కంటికి అందని దాన్ని చూడాలని మెడ నిక్కించడమే ఈ మాటలోని మూలచిత్రం. (అందుకే ‘ఉత్కంట’ అని రాస్తే మనసు చివుక్కుమంటుంది, ఒత్తు పోతే మెడ కూడా పోయినట్టే.) సంస్కృత కావ్యాల్లో ఇది ఎక్కువగా ఎడబాటులోని తహతహను చెప్పింది. అలంకారశాస్త్రం చెప్పే ఎనిమిది రకాల నాయికల్లో (అష్టవిధ నాయికల్లో) ఒకతె విరహోత్కంఠిత, అంటే ప్రియుడి రాక కోసం తహతహలాడేది. శాకుంతలం నాలుగో అంకంలో శకుంతలను సాగనంపుతున్న కణ్వుడు తన హృదయాన్ని ఉత్కంఠ తాకిందంటాడు; అక్కడ దిగులుందే తప్ప భయం లేదు. ఏమవుతుందోనన్న ఆత్రుత అనే అర్థమే నేటి తెలుగులో ప్రధానమైంది.

సస్పెన్స్ సన్నివేశంలో కెమెరా మన చేత చేయించేది సరిగ్గా ఈ మెడ నిక్కించడమే. తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించి, పాత్ర చూపు ఫ్రేము అవతలికి మళ్ళినా, కెమెరా మాత్రం అటు తిరగక ఆ ముఖాన్నే క్లోజప్‌లో పట్టుకుని నిలిచిపోతే, చూడవలసింది తెర అంచుకు అవతల ఉందని ప్రేక్షకుడికి తెలుస్తుంది, చూసే దారి మాత్రం ఉండదు. ముఖాన్ని ఒక పక్కకు జరిపి మిగతా ఫ్రేమునంతా ఖాళీగా వదిలినప్పుడు, ఆ ఖాళీలోకి ఏదో రాబోతోందని కన్ను దానంతట అదే అక్కడ కాపు కాస్తుంది. ముందున్న మనిషి మీదే ఫోకస్ నిలిపి, వెనుక కదిలే ఆకారాన్ని మసకగా ఉంచడం కూడా ఇదే కోవలోది.

అయితే కెమెరా కలిగించే ప్రతి అలజడినీ ఉత్కంఠ అనలేం. 1958లో దర్శకుడు హిచ్‌కాక్ ‘వెర్టిగో’ సినిమాలో కెమెరా కదలికనూ జూమ్‌నూ ఎదురెదురు దిశల్లో నడపడంతో, మెట్ల నడుమ లోతు సాగిపోతున్నట్టు కనిపిస్తుంది. ఆ షాట్ ఏదీ దాచదు, కాళ్ళ కింద నేలనే కదిలిస్తుంది; దానికి ‘కలవరం’ తగిన మాట. ఒరిగిన ఫ్రేముకూ అంతే. ఇక ‘ఉద్రిక్తత’ అంటే హద్దు మీరడం. అది తెర మీది పాత్రల మధ్య పెరిగేది, ఉత్కంఠ చూసేవారిలో పుట్టేది. ‘ఆందోళన’కు నిరసన అనే అర్థం కూడా ఉంది కాబట్టి వదిలేయడం మేలు.

ప్రశ్న: మరి ప్రమాదాన్ని ముందే చూపించేసి, పాత్రకు మాత్రం తెలియనివ్వని సన్నివేశాల మాటేమిటండీ? అక్కడ కెమెరా దాచిందేమీ లేదు కదా?

జవాబు: మంచి సందేహం. అక్కడ వస్తువు కనిపిస్తూనే ఉంటుంది, దాగి ఉన్నది క్షణం. కోత (కట్) లేని దీర్ఘమైన షాట్‌లో కెమెరా పాత్ర వెంట నింపాదిగా నడుస్తుంటే, కోత పడితే కాలాన్ని దాటేయవచ్చుననే ఊరట కూడా మనకు దక్కదు. ప్రతి అడుగునూ ఆ పాత్రతో పాటు వేయవలసిందే. మెడ అప్పుడూ నిక్కుతుంది, కాకపోతే ఫ్రేము అంచు వైపు కాదు, రాబోయే క్షణం వైపు.