స్యాండ్‌విచ్ కైమా: నీళ్లు ఇంకాలా, ఇగరాలా?

ప్రశ్న:
స్యాండ్‌విచ్‌లో పెట్టే బీఫ్ కైమా ఎలా చేయాలో తెలుగులో రాస్తున్నాను. అరకిలో కైమా, మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు రెండు, అరకప్పు కెచప్, అరకప్పు నీళ్లు, మస్టర్డ్ ఒక చెంచా, వెనిగర్ రెండు చెంచాలు, ఉప్పు ముప్పావు చెంచా, మిరియాల పొడి అర చెంచా. చెంచా అంటే ఇక్కడ టీస్పూను. చివర "నీళ్లు ఇంకేదాకా సన్నసెగ మీద ఉంచాలి" అన్నాను. "ఇగిరేదాకా" అనడం మేలా?

జవాబు 1:
"ఇగిరేదాకా" అనే రాయండి. నీరు ఆవిరైపోతే ఇగరడం, దేనిలోకైనా పీల్చుకుపోతే ఇంకడం. బియ్యం ఉడికేటప్పుడు గింజలోకి నీరు ఇంకుతుంది. మాంసం అలా కాదు, వేడికి బిగుసుకుని తనలో ఉన్న నీటినే వదిలేస్తుంది. ఆ నీరూ, మీరు పోసిన నీరూ గాలిలోకి పోవాలి. పోకపోతే చివరికి ఇంకేది బ్రెడ్డులోకే, అది రెండు నిమిషాల్లో మెత్తబడి చేతిలో విడిపోతుంది. అందుకే మూత పెట్టకూడదని కూడా రాయండి. మూత ఉంటే ఆవిరి చెమ్మై తిరిగి గిన్నెలోకే పడుతుంది.

జవాబు 2:
వాడుకలో చాలామంది రెండింటికీ "ఇంకేదాకా" అనే అంటారండీ, దాన్ని తప్పనలేం. వంట రాసేటప్పుడు మాత్రం ఈ తేడా పాటిస్తే చదివేవారికి పని సులువు.

నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించే మాట మొదటి మెట్టులో ఉంది. కైమాను "ఉడికించాలి" అని రాయకండి, "వేయించాలి" అనండి. ఇరుకు గిన్నెలో అరకిలో ఒకేసారి వేస్తే ఊరిన నీరు పోయే దారి లేక మాంసం ఆ నీటిలోనే ఉడుకుతుంది. నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి రంగు బూడిదగానే ఉండిపోతుంది, రుచి చప్పగా ఉంటుంది. వెడల్పాటి మందపాటి బాణలి బాగా కాగాక కైమా పరిచి, మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తర్వాత తిప్పి, చెక్క గరిటెతో చిదపాలి. గుర్తు చెవికే తెలుస్తుంది: నీరుంటే బుడబుడ, నీరు ఇగిరి కొవ్వు మిగిలితే చిటపట. ఈ రెండు మాటలూ వంటలో తప్పక పెట్టండి, నిమిషాల లెక్కకన్నా నమ్మదగినవి. 20 శాతం కొవ్వున్న కైమా అయితే నూనె అక్కర్లేదు. ఊరిన కొవ్వులో ఒక పెద్ద చెంచాడు ఉంచి మిగతాది తీసేయాలి. అందులో ఉల్లి ముక్కలు ఐదు నిమిషాలు, వెల్లుల్లి అర నిమిషం వేగాక, ఉప్పు కొంత ఆపి మిగతావన్నీ పోసి, అడుగున పట్టిన గోధుమరంగు పొరను గరిటెతో గోకి కలపాలి. రుచంతా ఆ పొరలోనే ఉంది.

జవాబు 3:
ఇంకో జాగ్రత్త. "నీళ్లు అడుగంటేదాకా" అని మాత్రం రాయొద్దు. బావి అడుగంటింది అంటే నీరు తగ్గిందని, కూర అడుగంటింది అంటే మాడిందని. కెచప్‌లో చక్కెర ఉంటుంది కనుక ఇది నిజంగానే మాడుతుంది. సన్నసెగ మీద పది పన్నెండు నిమిషాలు, చివర్లో వరసగా కలుపుతూ. గరిటెతో బాణలి మధ్య గీత గీస్తే అడుగు రెండు సెకన్లు కనబడి, మెల్లగా మూసుకోవాలి. వెంటనే మూసుకుంటే ఇంకా ఇగరాలి.

ప్రశ్న:
సంతోషమండీ. మరి ఎక్కువ ఇగిరిపోతే? "రంగు మారితే ఉడికినట్టే" అని కూడా రాశాను, అది ఉంచవచ్చా?

జవాబు 2:
ఎక్కువ ఇగిరితే కైమా పొడిపొడిగా రాలిపోతుంది. పెద్ద చెంచాతో రెండు చెంచాల వేడినీళ్లు కలిపి ఒక నిమిషం ఉంచితే సర్దుకుంటుంది. ఉప్పు మాత్రం అప్పుడే రుచి చూసి వేయాలి, ముందే పూర్తిగా వేస్తే ఇగిరేకొద్దీ ఎక్కువవుతుంది.

రంగు వాక్యం తీసేయండి. కైమా ఒక్కోసారి సరైన వేడికి చేరకముందే గోధుమరంగుకు తిరుగుతుంది. థర్మామీటరులో 71 డిగ్రీల సెల్సియస్ చూపించాలి అని రాయండి. మిగిలినదాన్ని రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలని కూడా చేర్చండి.